అంచు ముద్ర

మిత్సుఇషి
1974 మార్చి 3

తమ్ముడు షూజోకి,

చలికాలం చివర పూసే ఉమె పూలు రాలిపోయాయి, కొండ మీద చలి మాత్రం ఇంకా వదల్లేదు. ఉత్తరం మొదట్లో ఋతువు గురించి ఒక్క ముక్కైనా రాయకపోతే నాన్న మొట్టికాయ వేసేవారు కనుక రాశాను. ఇక సంగతికి వస్తాను.

కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడు షెడ్డు మూలనున్న నల్ల ఇటుకను చేతిలోకి తీసుకుని, "ఇదేంటి బావా, మాడ్చేశావా?" అన్నావు. మీ బావ "ఆ, మాడింది" అని లోపలికి వెళ్లిపోయారు. మాడలేదురా, కావాలనే అలా చేశారు. హిమేజీలో ఉక్కు పోతలు పోసేవాళ్లు మన తెల్ల ఇటుకనే గంగాళం లోపల పేర్చుకునేవారు. ఇరవై సార్లు కరిగిన ఉక్కు పట్టేసరికి అది బీటలు వారేది. ఈ నల్లది అరవై సార్లయినా చెక్కుచెదరలేదని వాళ్ల మేస్త్రీ రైలెక్కి వచ్చి, మన గుమ్మంలో నడుం వంచి దండం పెట్టాడు. ఆ పూట మీ బావ అన్నం మారు వడ్డించుకున్నారు. ఆయన సంతోషం అంతకు మించి పైకి రాదు.

అందులో ఏం కలుపుతారని అడిగావు. మన ఇంట్లో మిశ్రమం కాగితం మీద పెట్టకూడదని నియమం. నాన్న పోయేముందు కూడా ఈయన చెవిలోనే చెప్పారు, సొంత కూతుర్ని నన్ను గది బయట కూర్చోబెట్టారు. ఇల్లరికం వచ్చిన అల్లుడికున్న విలువ నాకు లేకపోయిందని ఆ రోజు ఏడ్చాను. అయినా నువ్వు ఈ ఇంటి రక్తానివి, చదువుకున్నవాడివి. నీకు రాస్తే తప్పు లేదని నేనే తేల్చుకున్నాను. ఆయనకు చెబితే "ఊ" అన్నారు. ఔనన్నా కాదన్నా ఆయన "ఊ" అనే అంటారు, నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను.

బియ్యం మిల్లు నుంచి ఊక తెచ్చి, మూత బిగించిన కుండలో కాలుస్తారు. బూడిద కానివ్వరు, నల్లగా ఉండగానే ఆపేస్తారు. పది పాళ్ల మట్టికి రెండు పాళ్ల నల్ల ఊక. తడపడానికి నీళ్లు కాదు, సముద్రపు నాచు ఉడికించిన జిగురు. గోడలకు పూత పూసేవాళ్లు వాడేదే. ఆపైన మామూలుగానే అచ్చు పోసి కాలుస్తారు. మీ ఇటుకల కంపెనీలో నువ్వు చేసే పరీక్షలకు ఒక సంచి నల్ల ఊక రైల్లో వేయిస్తున్నాను. టాయిలెట్ కాగితం దొరకలేదని చలికాలమంతా గోల పెట్టావుగా, అది కూడా రెండు కట్టలు సంచిలో కుక్కాను.

నీ అక్క
తోమియే


అమగసాకి
1974 ఏప్రిల్ 14

అక్కకు,

ఇక్కడ చెర్రీ పూలు విచ్చకముందే ఫ్యాక్టరీ పొగకు నల్లబడ్డాయి. మా ఊరికి ఉన్న ఋతువు అదొక్కటే.

నువ్వు పంపిన ఊకతో పన్నెండు చిన్న ఇటుకలు చేశాం. కరిగిన ఉక్కు మీద తేలే చిట్టెం పోస్తే తామరాకు మీద నీళ్లలా జారిపోయింది. మా సెక్షన్ చీఫ్ తదోకోరో గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పోయించారు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"మా బావండి."

"ఎక్కడ చదువుకున్నాడు?"

"మా ఊరి బళ్లో, ఆరో తరగతి దాకా."

ఆయన ఇటుకను తిప్పి చూశారు. తర్వాత, "రేపే పేటెంట్ రాయడం మొదలుపెట్టు" అన్నారు.

అక్కా, బావతో నిదానంగా చెప్పు. ఇలాంటిది ఇంట్లో దాచుకుంటే ఎన్నాళ్లో దాగదు. ఎవడో ఒకడు ఆ ఇటుకను పగలగొట్టి చూసి తన పేరున రాయించుకుంటాడు. అప్పుడు మనకు దిక్కుండదు. మా కంపెనీ పేరున ఉంటే వేలు పెట్టే ధైర్యం ఎవరికీ రాదు. కనిపెట్టినవాళ్లుగా ముగ్గురి పేర్లుంటాయి. ముందు తదోకోరో గారిది, తర్వాత నాది, తర్వాత బావది. వరస చూసి బాధపడొద్దని చెప్పు, ఏ కంపెనీలోనైనా పెద్దాయన పేరే ముందుంటుంది, ఆయన ఇటుకను ముట్టుకోకపోయినా సరే. హక్కు కంపెనీకి ఇస్తున్నట్టు కాగితం నేనే రాశాను. మన బట్టీ ఎప్పటిలాగే ఈ ఇటుక చేసుకోవచ్చని చివరి వాక్యం కూడా నేనే పెట్టాను.

కాగితం దీంతో పంపుతున్నాను. పేరు కింద బావ ముద్ర వేయించు. పైన అంచు ఖాళీలో కూడా ఒకటి వేయించు. ఎక్కడైనా అక్షరం తప్పు పోతే అంచు ముద్ర ఉంది కాబట్టి నేనిక్కడే దిద్దేస్తాను, కాగితం మళ్లీ మీ దాకా తిరిగే పని ఉండదు. బ్యాంకులోనూ అంతే కదా.

తమ్ముడు
షూజో


మిత్సుఇషి
1974 మే 2

షూజోకి,

వరి నారు పోశారు, కప్పల గోలకు నిద్ర లేదు.

కాగితం పంపుతున్నాను. మీ బావ చదవలేదు. "ఒకసారి చూడండి" అంటే, "తమ్ముడు పంపిన కాయితం చదివితే వాణ్ని అనుమానించినట్టు కాదూ" అన్నారు. నేనే పట్టుబట్టి చివరి వాక్యం పైకి చదివాను. కురాచి బట్టీ ఈ ఇటుకను ఎప్పటిలాగే చేసుకోవచ్చు అన్నది. "అది చాలు" అని ముద్ర తీశారు. పేరు కింద ఒకటి, అంచున ఒకటి. అంచున వేసేటప్పుడు చెయ్యి కాస్త జారి గుండ్రం అలుక్కుపోయింది. పనికొస్తుందో లేదో రాయి.

పేరు మూడోది అయినందుకు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఆ సాయంత్రం బట్టీ ముందు కూర్చుని, "పేపర్లో నా పేరు కూడా పడుద్దంటావా?" అని అడిగారు. పడుతుందన్నాను. యాభై ఏళ్ల మనిషి, పెళ్లికొడుకులా సిగ్గుపడ్డారు.

నీ అక్క


అమగసాకి
1974 జూన్ 20

అక్కకు,

వానలు మొదలయ్యాయి, రాసుకుంటే కాగితం చేతికి అంటుకుపోతోంది.

పేటెంట్ దరఖాస్తు వెళ్లిపోయింది. అచ్చులో రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది, తొందరపడొద్దు. కాగితంలో ఒకటి రెండు చిన్న సవరణలు అవసరమయ్యాయి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా ఇక్కడే చేసేశాం. ముద్ర అలుక్కుపోయినా పనికొచ్చింది.

నన్ను అసిస్టెంట్ చీఫ్ చేశారు. నా వయసు వాళ్లలో నేనే మొదటివాణ్ని. ఈ మాట బావతో చెప్పు.

షూజో


మిత్సుఇషి
1977 ఫిబ్రవరి 8

తమ్ముడు షూజోకి,

ఇంత కాలం ఉత్తరాలు రాయకపోవడం నా తప్పూ నీ తప్పూ సగం సగం. ఉక్కు వాళ్ల వ్యాపారం పడిపోయినప్పటి నుంచి మన వీధిలో ఎనిమిది బట్టీలు ఆరిపోయాయి. మనది ఇంకా మండుతోందంటే నల్ల ఇటుక పుణ్యమే.

పోయిన నెల పేటెంట్ గెజిట్ వచ్చింది. మూడో పేరు మీ బావది. ఆ పేజీని పూజ అరలో నాన్న ఫొటో ముందు పెట్టి దీపం వెలిగించారు. వీధిలో వాళ్లకు చూపించమంటే, "ఎందుకు, డప్పు కొట్టుకోవడానికా" అన్నారు. మర్నాడు వాళ్లే వచ్చి చూశారు, కాదనలేదు.

నిన్న మీ కంపెనీ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. ఈ ఇటుక మీద హక్కంతా కంపెనీదేనట. మేము చేయడం వెంటనే మానుకోవాలట, లేకపోతే కోర్టుకు వెళతారట. రెండుసార్లు చదివి నేను నవ్వాను. ఎవడో గుమాస్తా మన కాగితం చూడకుండా పంపి ఉంటాడు. ఆ చివరి వాక్యం వాడికి కనిపించి ఉండదు. నువ్వు ఒక్క మాట చెబితే సరిపోతుంది. మన దగ్గర నకలు లేదు, నీ దగ్గరున్నది ఒకటి పంపు.

మీ బావ నవ్వలేదు. ఈ ఉత్తరం సంగతి తేలేదాకా అని గెజిట్ పేజీ మడతపెట్టి సొరుగులో పెట్టారు.

నీ అక్క


అమగసాకి
1977 మార్చి 2

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. జవాబు ఆలస్యమైంది, కంపెనీలో ఊపిరి సలపడం లేదు.

అడిగి చూశాను. దస్త్రంలో ఉన్న కాగితంలో నువ్వు చెప్పిన వాక్యం లేదు. మూడేళ్ల కిందటి మాట, బావకూ నీకూ సరిగ్గా గుర్తుండకపోవచ్చు. దీన్ని పెద్దది చేయొద్దు. తెల్ల ఇటుక చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కాదు కూడదంటే బావకు మా ఫ్యాక్టరీలో పని చూస్తాను.

ఇంకో మాట, కోపగించుకోకు. ఈ మిశ్రమం నాన్నది. చెవిలో చెప్పారని నువ్వే రాశావు. కొడుకు ఉండగా అల్లుడి చెవిలో చెప్పారు. చదువుకుంటున్నాడు కదా అని నన్ను ఇంటి లెక్కలోంచి తీసేశారు. నాన్న వస్తువులో నాకు భాగం లేదా? బావ కొత్తగా కనిపెట్టినట్టు నువ్వు మాట్లాడుతుంటే ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

షూజో


మిత్సుఇషి
1977 మార్చి 28

షూజో,

వాతావరణం గురించి రాసే ఓపిక లేదు.

నిన్న ఒసాకా వెళ్లాను, మీ కంపెనీ పేటెంట్ పనులు చూసే ఆయన ఆఫీసుకి. గంటన్నర కూర్చోబెట్టి నకలు చేతిలో పెట్టారు. చివరి వాక్యం ఉంది. దాని మీద అడ్డంగా రెండు గీతలున్నాయి. పైన అంచులో, మీ బావ ముద్ర అలుక్కుపోయిన చోట, "పందొమ్మిది అక్షరాలు తొలగించడమైనది" అని రాసి ఉంది. అమ్మ పోయాక నీకు నాలుగేళ్లప్పుడు నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని దిద్దించాను. ఆ రాత నాకు తెలియదా?

ఆ ఆఫీసాయన, "ముద్ర మీ ఆయనదే కదమ్మా" అన్నాడు. అవునన్నాను. "అంచు ముద్ర వేశాక దిద్దుకోమనేగా అర్థం" అన్నాడు. దానికీ అవునన్నాను. ఇంకేమనగలను, అందరూ వేస్తారు, మనమూ వేశాం. కంచే చేను మేస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

నాన్న మిశ్రమం అన్నావు. నాన్న చెవిలో చెప్పింది తెల్ల ఇటుక గురించి. 1966లో. నల్లది మీ బావ సొంతంగా మొదలుపెట్టింది 1971లో. రెండేళ్లు ఎన్ని ఇటుకలు పగిలాయో వెనక వాగు గట్టు చూస్తే తెలుస్తుంది, ఆ గట్టంతా వాటితో పోసిందే. ఊక పేరెత్తితే నాన్న చీపురు తిరగేసేవారు, మట్టిలో చెత్త కలుపుతావా అని. ఈ సంగతి ఒక్కసారి నన్ను అడిగి ఉంటే పోయేది. మనసులో ఇన్నేళ్లు పెట్టుకుని, చివరికి గీత గీసి కసి తీర్చుకున్నావు.

గెజిట్ వచ్చిన రెండు నెలల్లో అభ్యంతరం వేసి, ఆపైన నెలలోగా రుజువు చూపాలట. ఏప్రిల్ ముప్పైతో గడువు అయిపోతుంది. మా దగ్గర రుజువు లేదు. హిమేజీ వాళ్లు మూతపడ్డారు, ఆ మేస్త్రీ పోయాడు. మన బిల్లుల్లో "ఇటుకలు" అని తప్ప నల్లవో తెల్లవో ఎన్నడూ రాయలేదు, అదీ ఇంటి నియమమే. రుజువు ఒక్కటే ఉంది, మీరు దరఖాస్తు పెట్టకముందు నేను నీకు రాసిన ఉత్తరం. దాని మీద పోస్టాఫీసు ముద్ర కూడా ఉంటుంది. అది తీసుకురా. ఆ వాక్యం నువ్వే పెట్టావని, నువ్వే కొట్టేశావని చెప్పు. నీ ఉద్యోగం పోవచ్చు. పోతే ఇక్కడికి రా, మా ఇద్దరితో పాటు తిందువుగాని. బట్టీ పోతే మాత్రం మీ బావ ఏమైపోతారో నాకు భయంగా ఉంది. పన్నెండో ఏట నుంచి ఆయనకు వేరే పని తెలియదు.

ముప్పై దాకా ఎదురు చూస్తాను.

అక్క


అమగసాకి
1977 మే 9

అక్కకు,

గడువు దాటాకే ఈ ఉత్తరం రాస్తున్నానని నాకు తెలుసు.

నీ ఉత్తరం నా దగ్గరే ఉంది. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన జేబులో పెట్టుకుని స్టేషన్ దాకా వెళ్లాను. రెండు రైళ్లు వెళ్లిపోయాయి, నేను ఎక్కలేదు.

1974లో మీ కాగితం చేరిన రోజు తదోకోరో గారు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఈ చివరి లైను ఉంటే డైరెక్టర్లు సంతకం పెట్టరు. తీసెయ్. నీ బావే కదా, తర్వాత సర్దిచెప్పుకో" అన్నారు. అంచు ముద్ర ఎదురుగా ఉంది. కలం నా చేతిలోనే ఉంది. అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత సర్దిచెప్పడానికి మూడేళ్లు వెతికాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నల్ల ఇటుక నాన్నదని నిజంగానే నమ్మాను. నమ్మడం నాకు అనుకూలంగా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

బావకు పని సిద్ధంగా ఉంది. ఆ ఇటుక విభాగంలోనే, నా కిందే. ఆయనకు ఏ లోటూ రానివ్వను.

షూజో


అమగసాకి
1977 నవంబర్ 17

అక్కకు,

మే నుంచి నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు.

ఇటుకలు పగులుతున్నాయి. ప్రయోగశాలలో నువ్వు పంపిన ఊకతో చేసినవి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో మా ఊకతో చేసినవి పదిహేను పోతలకే మెత్తబడుతున్నాయి. పాళ్లు అవే, మంట అదే, జిగురు అదే. పోయిన వారం ఒక పోతల కర్మాగారంలో గంగాళం అడుగు ఊడిపోయింది. ఇద్దరికి మోకాళ్ల దాకా కాళ్లు కాలాయి. ఒకడికి ఇరవై రెండేళ్లు. తదోకోరో గారు వేసవిలోనే వేరే శాఖకు మారిపోయారు. ఇటుకల మీద ఇప్పుడు ఉన్నది నా సంతకమే.

నీ ఉత్తరంలో రాయనిది ఏదో ఉంది. బావను అడుగు. చెబితే ఆ పందొమ్మిది అక్షరాలు మళ్లీ రాయిస్తాను, కంపెనీ ఒప్పుకుంది. మన బట్టీ మళ్లీ వెలిగించుకోవచ్చు.

షూజో


మిత్సుఇషి
1977 డిసెంబర్ 1

కురాచి షూజో గారికి,

మీ ఉత్తరం అందింది. ముందు రాసిన నాలుగూ కూడా అందాయి.

మీరు వెలిగించుకోమన్న బట్టీ లేదు. జూన్‌లో ఆర్పేశాం. చల్లారిన బట్టీ కప్పు ఒక్క వర్షాకాలం కూడా ఆగదని మీకు చిన్నప్పుడే తెలుసు. సెప్టెంబర్ తుఫానుకు కూలింది. అక్షరాలు మీరే ఉంచుకోండి, కంపెనీకి పనికొస్తాయి.

ఆయన ఇప్పుడు వీధి చివర బట్టీలో లారీలకు తెల్ల ఇటుక ఎత్తుతున్నారు. అక్కడి యజమానికి ముప్పై ఏళ్లు. ఆయనను "ఏయ్ గిసాకూ" అని పిలుస్తాడు. నేను బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో చేరాను. మీరు ఇస్తానన్న పని గురించి ఆయనతో మేలోనే చెప్పాను. "వాడి కింద పన్జేస్తే వాడు నా మొహం రోజూ చూడాల. వాడికెందుకా బాధ" అన్నారు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మీ ఉత్తరం చూపించకూడదనే అనుకున్నాను. వారం రోజులు నా కుట్టుపెట్టెలో దాచాను. సూది కోసం పెట్టె తీస్తే ఆయనకు దొరికింది. చదివి, కాళ్లు కాలినవాళ్ల గురించి రాసిన చోటు మళ్లీ చదివించుకున్నారు.

"ఊక కడగట్లేదు వాళ్లు" అన్నారు.

నాకు అప్పుడు తెలిసింది. కాల్చిన ఊకను ఆయన మూడు రోజులు వాగు నీళ్లలో నానబెట్టేవారు, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చేవారు. నేను రోజూ చూశాను. మసి, దుమ్ము పోవడానికే అనుకుని మీకు రాయలేదు. ఆయన అతిశుభ్రం చూసి నవ్వేదాన్ని కూడా. ఊకలో ఉప్పులాంటిది ఏదో ఉంటుందట, అది నీళ్లలో వదిలిపోకపోతే ఇటుకను లోపలినుంచి కరిగిస్తుందట. ఆ నీళ్లు నాలుక మీద వేసుకుంటే జివ్వుమంటుంది. ఆ జివ్వు పోయేదాకా నీళ్లు మార్చాలి. రెండేళ్లు ఇటుకలు పగలగొట్టి ఆయన కనిపెట్టింది ఇదే. మిగిలినదంతా ఎవరికైనా తోచేదే.

"చెప్పకండి" అని కాళ్లు పట్టుకున్నాను. "మన బట్టీ తిన్నారు, వాళ్ల ఇటుక పగిలితే పగలనివ్వండి" అన్నాను.

"ఆ గంగాళం పక్కన నిలబడేది తదోకోరో కాదుగా" అన్నారు. "షూజో కూడా కాదు."

అందుకని రాస్తున్నాను. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు. చలికాలంలో అయిదు రోజులు. దీనికి బదులు ఆయన ఏమీ అడగలేదు, అడగొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు.

ఇదంతా ఆయన మాట. నా మాట వేరు. వచ్చే నెల నాన్న పన్నెండో సంస్మరణ. మీరు రావద్దు. రైలెక్కలేని మనిషి కోసం నేను ఇంకెప్పుడూ స్టేషన్‌కు రాను. ఏప్రిల్ ఆఖరి నాలుగు రోజులూ వచ్చాను, ప్రతి బండికీ.

ఆయన చెప్పమన్నారు కాబట్టి చెప్పాను. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కాదు.

గిసాకు భార్య
తోమియే